ఛార్జి కాని బ్యాటరీ: పరీక్షలకే ఒక పరీక్ష

మోటారు బండి ఉదయమున కదలనిచో మన ప్రాంతములో వినవచ్చు మొదటి మాట "బ్యాటరీ పోయినది" అని. రెండవ మాట "డైనమో చూపించవలెను" అని. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుటకు కొన్ని పరీక్షలు వాడుకలో నున్నవి. వానిలో కొన్ని షెడ్డులలో అనుభవము మీద పుట్టినవి. కొన్ని బండితో ఇచ్చు చిన్న పుస్తకములలోని పట్టికలనుండి వచ్చినవి. బడిలో నేర్పు భౌతికశాస్త్రము ఈ రెంటికిని దూరముగా మరియొక మూల కూర్చున్నది. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి, ఏది ఏ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నదో, ఏది చెప్పినట్లు నటించుచున్నదో విచారింతము.

చోడవరమును ఉదాహరణగా గ్రహించుటకు కారణము కలదు. ఒకప్పుడు విశాఖపట్నము జిల్లాలోనిదై, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ పట్టణము చెరకు పండు నేల నడుమ నున్నది. గోవాడ సహకార చక్కెర కర్మాగారమునకు గానుగ దినములలో చెరకు తెచ్చిన ట్రాక్టర్లు యార్డులో బారులు తీరి నిలుచుట ఇక్కడివారికి తెలిసిన దృశ్యము. బారు కొంచెము కదలును. డ్రైవరు సెల్ఫు కొట్టి నాలుగు బారలు నడిపి ఇంజను ఆపివేయును. మరల కొంతసేపటికి అదే పని. ఇందులో చిన్న లెక్క ఒకటి ఇమిడియున్నది. స్టార్టరు మోటారు 300 ఆంపియర్ల చొప్పున 4 సెకండ్లు తీసికొన్నదనుకొందము. అది 1200 కూలుంబులు. ఇంజను నెమ్మదిగా తిరుగుచు, హెడ్‌లైట్లు వెలుగుచుండగా బ్యాటరీకి మిగులునది 2 ఆంపియర్లే అయినచో, ఆ అప్పు తీరుటకు 600 సెకండ్లు, అనగా 10 నిమిషములు పట్టును. ఛార్జింగులో పోవు నష్టమును కలిపిన ఇంకను ఎక్కువ. డ్రైవరు ఇంజనును నడిపినది రెండే నిమిషములు. ఇట్లు రాత్రి అంతయు గడచిన పిదప తెల్లవారుజామున సెల్ఫు తిరుగదు. ఏ భాగమును చెడలేదు. ఖర్చు రాబడిని మించినది, అంతియే. అదే ఊరినుండి మాడుగుల మీదుగా పాడేరు ఘాటు ఎక్కు జీపులో ఇంజను చాలసేపు వేగముగా తిరుగును గనుక ఈ చిక్కు రాదు. "ఛార్జి కావడము లేదు" అను ఫిర్యాదును వినగానే మొదట అడుగవలసిన ప్రశ్న బండి ఎట్లు నడచుచున్నది అని. ఈ ప్రశ్న ఏ పట్టికలోను సాధారణముగా కనిపించదు.

ఇప్పుడు పాఠ్యపుస్తకము సంగతి. మన పదవ తరగతి పాఠములలో తరతరములుగా వచ్చుచున్న జనరేటరు బొమ్మ ఒకటి ఉన్నది. శాశ్వతాయస్కాంతపు ఉత్తర దక్షిణ ధ్రువముల నడుమ దీర్ఘచతురస్రాకారపు తీగచుట్ట తిరుగుచుండును. దాని కొనలకు రెండు ఉంగరములు, వానిని తాకుచు రెండు బ్రష్షులు. ఏకముఖ విద్యుత్తు కావలెనన్న ఉంగరమును రెండుగా చీల్చుదురు. ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణ సూత్రమును తెలుపుటకు ఆ బొమ్మ చాలును, అందు తప్పేమియు లేదు. కాని ఆ బొమ్మను మనస్సులో నుంచుకొని ట్రాక్టరు బానెట్టు ఎత్తిన విద్యార్థికి లోపల నున్నది తల్లక్రిందులుగా కనబడును. ఆల్టర్నేటరులో తిరుగునది అయస్కాంతము; కదలక నిలుచునది తీగచుట్ట. తిరుగు అయస్కాంతము కూడ శాశ్వతాయస్కాంతము కాదు. ఇనుప గోళ్ళవంటి ధ్రువముల నడుమ చుట్టిన తీగలో కొద్ది ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించినపుడే అది అయస్కాంతమగును. బ్రష్షులు మోయునది ఈ కొద్ది విద్యుత్తును మాత్రమే. పదుల కొలది ఆంపియర్ల అసలు ఉత్పత్తి నిలిచియున్న మూడు చుట్టలనుండి నేరుగా ఆరు డయోడ్ల గుండ ఏకముఖమై బయటికి వచ్చును. పెద్ద విద్యుత్తును రాపిడి మీదుగా తీయనక్కరలేకుండుటయే ఈ తలక్రిందుల ఏర్పాటులోని తెలివి. 1955లో పనిచేయ నారంభించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రపు మహాయంత్రములందును క్షేత్రమే తిరుగును, చుట్టలు నిలుచును. పరిమాణములో ఏనుగుకు చీమకు ఉన్నంత భేదమున్నను వంశమొక్కటే.

పాఠము చేసిన అసలు నష్టము ఇక్కడ లేదు. పుట్టు వోల్టేజి మూడింటి మీద ఆధారపడును: చుట్ల సంఖ్య, తిరుగు వేగము, అయస్కాంత క్షేత్రపు బలము. పాఠము మొదటి రెంటిని విద్యార్థికి వివరించి, మూడవదానిని స్థిరమైన దానివలె వదలివేయును. బండిలో చుట్ల సంఖ్య మారదు. వేగము డ్రైవరు పాదము చేతిలో నున్నది. మన వశములో మిగిలినది క్షేత్రమొక్కటే. ఆ క్షేత్రపు విద్యుత్తును క్షణక్షణమును పెంచుచు తగ్గించుచు వోల్టేజిని సుమారు 14 దగ్గర నిలుపునది రెగ్యులేటరు. క్షేత్రము స్థిరమనుకొన్న విద్యార్థి "క్షేత్రమునకు విద్యుత్తు చేరుచున్నదా?" అని ఎన్నడును అడుగడు. ఛార్జింగు చెడిన బండి వద్ద అడుగవలసిన ముఖ్య ప్రశ్న అదియే.

పాఠములోని కొరతను తీర్చుటకు మారుగా పాఠమునే తీసివేయుట మరియొక విచిత్రము. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు భారము తగ్గించు పేరుతో తమ పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకమునుండి విద్యున్మోటారు, విద్యుదయస్కాంత ప్రేరణ, జనరేటరు విభాగములను తొలగించిరి. పదవ తరగతితో చదువు మాని షెడ్డులో చేరు బాలురు మన పల్లెలలో తక్కువవారు కారు. జీవితమంతయు చేతితో తాకబోవు యంత్రమును గూర్చిన ఒక్క పాఠమును వారికి లేకుండ చేయుట ఏ భారమును తగ్గించినట్లో ఈ వ్యాసకర్తకు బోధపడలేదు. ఆ పుస్తకమును అనుసరించు బడులలో ఉపాధ్యాయులు ఈ భాగమును తామే చెప్పుకొనవలసియున్నది.

షెడ్డు పరీక్షలకు వత్తము. ముందుగా పేరు మాట. మన మెకానిక్కులు ఆల్టర్నేటరును నేటికిని "డైనమో" అనియే పిలుతురు. 1957లో మొదలై 2014 వరకు తయారైన అంబాసిడరు కారు తొలి రకములలో నిజమైన డైనమోయే ఉండెడిది. అందు చీలిన ఉంగరమునకు పెద్దన్న వంటి కమ్యుటేటరు, ఇంజను నెమ్మదించినపుడు బ్యాటరీ విద్యుత్తు వెనుకకు పోకుండ ఆపు కటౌటు ఉండెడివి. 1960లో అమెరికాలో క్రైస్లరు సంస్థ తన వాలియంటు కారులో ఆల్టర్నేటరును అమర్చిన తరువాత క్రమముగా ప్రపంచమంతట డైనమో వెనుకబడినది. వస్తువు పోయినది, పేరు మిగిలినది. పేరుతో బాటు డైనమో కాలపు పరీక్షయు ఒకటి మిగిలినది.

ఆ పరీక్ష యిది. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను ఊడదీయుదురు. ఇంజను ఆగినచో డైనమో పోయినదనియు, ఆగనిచో బాగున్నదనియు తీర్పు. దీనికంటె దోషభూయిష్టమైన పరీక్ష మరియొకటి లేదు. మొదటి దోషము తర్కములోనిది. పాత పద్ధతి ఇంధన పంపు గల డీజిలు ఇంజను నడుచుటకు విద్యుత్తుతో పనియే లేదు. నిప్పు పుట్టించునది గాలిని నొక్కుటవలన కలుగు వేడి. అట్టి ట్రాక్టరులో ఆల్టర్నేటరును విప్పి ఇంటిలో దాచినను ఇంజను ఆగదు. కనుక "ఆగలేదు, బాగున్నది" అను తీర్పునకు విలువ సున్న. పెట్రోలు బండిలో నైనను ఇంజను నడుచుట కొద్ది విద్యుత్తు వచ్చుచున్నదని చెప్పునేగాని, బ్యాటరీని నింపునంత వచ్చుచున్నదని చెప్పదు. రెండవ దోషము ప్రమాదము. ఛార్జి తీసికొనుచున్న బ్యాటరీ హఠాత్తుగా తొలగినపుడు ఆల్టర్నేటరు క్షేత్రము వెంటనే తగ్గజాలదు. ఆ స్వల్పకాలములో వోల్టేజి ఎగసి 12 వోల్టుల బండిలో 100 వోల్టుల దరిదాపులకు కూడ పోగలదు. డయోడ్లు, రెగ్యులేటరు, ఇంజనును నడుపు కంప్యూటరు ఉన్నచో అదియు మాడిపోవును. బాగున్న యంత్రమును చెడగొట్టి, చెడినదని నిరూపించు పరీక్షను ఏమనవలెనో పాఠకులే చెప్పగలరు. తీగ ఊడదీసినపుడు లేచిన నిప్పురవ్వ బ్యాటరీనుండి వెలువడు ఉదజని వాయువును అంటుకొని పెట్టె ప్రేలుటకును అవకాశమున్నది.

దీనితో పోల్చిన స్క్రూడ్రైవరు పరీక్ష ఎంతో గౌరవనీయము. తాళము త్రిప్పి ఆల్టర్నేటరు వెనుకభాగమున బేరింగు దగ్గర స్క్రూడ్రైవరు మొనను ఆనించిన, అది అతుకుకొనినచో లోపల క్షేత్రము పుట్టుచున్నదన్నమాట. ఇది సరియైన ప్రశ్నను అడుగుచున్నది. అయితే సగము ప్రశ్ననే అడుగుచున్నది. క్షేత్రమున్నను డయోడ్లు పోయి యుండవచ్చును, తీగ తెగియుండవచ్చును. పైగా కొన్ని క్రొత్త బండ్లలో ఇంజను తిరుగువరకు కంప్యూటరు క్షేత్రమునకు విద్యుత్తునే ఇయ్యదు. అక్కడ స్క్రూడ్రైవరు అతుకుకొననంత మాత్రమున దోషము నిర్ణయింపరాదు. అదే స్క్రూడ్రైవరుతో ఆల్టర్నేటరు ఉత్పత్తి బోల్టును బాడీకి తాకించి రవ్వ చూచు అలవాటును మాత్రము వెంటనే మానవలెను. ఆ బోల్టు తిన్నగా బ్యాటరీకి కలిసియున్నది గనుక యంత్రము చచ్చియున్నను రవ్వ వచ్చును.

ఇక డ్యాష్‌బోర్డు మీది ఎఱ్ఱదీపము. దీనిని జనులు అపార్థము చేసికొన్నంత మరి దేనిని చేసికొనలేదు. వెలిగిన చెడుగు, ఆరిన మంచి అని డ్రైవర్లు అనుకొందురు. దీపపు ఒక ప్రక్క తాళము మీదుగా బ్యాటరీకి, రెండవ ప్రక్క ఆల్టర్నేటరు క్షేత్రమునకు కలుపబడియుండును. తాళము త్రిప్పినపుడు బ్యాటరీ విద్యుత్తు దీపము గుండ పోయి క్షేత్రమును మేలుకొలుపును. అందుచే దీపము వెలుగును. ఇంజను తిరిగి ఆల్టర్నేటరు ఉత్పత్తి మొదలిడగానే రెండు ప్రక్కలను వోల్టేజి సమానమగును. పొటెన్షియలు భేదము లేదు గనుక ప్రవాహము లేదు, దీపము ఆరును. పిల్లలకు పొటెన్షియలు భేదమును బోధించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఇప్పుడు దాని మాటలను అర్థము చేసికొందము. తాళము త్రిప్పగానే వెలిగి, ఇంజను తిరిగినను ఆరనిచో ఉత్పత్తి లేదు: బెల్టు తెగెనా, బ్రష్షులు అరిగెనా, రెగ్యులేటరు పోయెనా చూడవలెను. మసకగా వెలుగుచుండిన రెండు ప్రక్కల వోల్టేజి సమము కాలేదు. డయోడు ఒకటి పోయి యుండవచ్చును, లేదా తీగ కలయికలో దోషముండవచ్చును. తాళము త్రిప్పినను అసలు వెలుగనిచో, అదియే మిక్కిలి మోసకరమైన స్థితి. బల్బు మాడినది, లేదా దాని తీగ తెగినది, లేదా బ్రష్షు క్షేత్రమును తాకుట లేదు. డ్రైవరు ఎఱ్ఱదీపము కానరాలేదు గనుక అంతయు బాగున్నదని సాగిపోవును. క్షేత్రము మేలుకొనక బ్యాటరీ ఎండిపోవుచుండును. ఆల్టర్నేటరు తిరుగు ధ్రువముల ఇనుములో మిగిలిన కొద్దిపాటి అయస్కాంతత్వముచే వేగము హెచ్చినపుడు ఒకొకప్పుడు తనంత తానే మేలుకొనుటయు కలదు. అప్పుడు దోషము వచ్చుచు పోవుచు మెకానిక్కును ఏడిపించును. ఇటీవల డ్యాష్‌బోర్డు బల్బులను తీసి ఎల్.ఇ.డి.లు పెట్టించు వేడుక బయలుదేరినది. రెండు మూడు వాట్ల బల్బు ఇచ్చు ప్రవాహమును ఎల్.ఇ.డి. ఇయ్యదు. అందుకు తగిన నిరోధమును ప్రక్కన కలుపనిచో, అందమునకు పెట్టిన దీపమే ఛార్జింగును ఆపివేయును.

బండి పుస్తకములలోని పట్టికలను గూర్చి కటువుగా చెప్పక తప్పదు. "లోపము, కారణము, చికిత్స" అని మూడు గళ్ళు. కారణముల గడిలో ఆరేడు పేర్లు. ఏది ముందు చూడవలెనో, ఏది తరచు వచ్చునో చెప్పరు. చికిత్స గడిలో చాలచోట్ల ఒక్కటే మాట: మార్చుము. అంకెలు లేవు. మీటరును ఎక్కడ ఆనించవలెనో, ఇంజను ఏ వేగములో నుండవలెనో, దీపములు వెలుగవలెనో ఆరవలెనో లేదు. ముఖ్యముగా ఈ పట్టికలకు తీగయొక్క ఉనికి తెలియదు. వాని దృష్టిలో బ్యాటరీ, ఆల్టర్నేటరు, రెగ్యులేటరు మాత్రమే వస్తువులు. వానిని కలుపునది శూన్యము. నిజమునకు పొలము బురదలోను చెరకు దుమ్ములోను తిరుగు బండికి ముందుగా చెడునది ఆ కలయికలే.

ఒక లెక్క చూడుడు. ఆల్టర్నేటరు తన బోల్టు దగ్గర సరిగా 14.2 వోల్టులు ఇచ్చుచున్నది. బ్యాటరీ టెర్మినలు మీద పచ్చని చిలుము పట్టి, ఎర్తు తీగ బోల్టు త్రుప్పుపట్టి, అంతయు కలిసి 0.1 ఓము నిరోధము ఏర్పడినది. 20 ఆంపియర్లు ప్రవహించినచో ఓము నియమము ప్రకారము దారిలోనే 2 వోల్టులు పోవును. బ్యాటరీకి చేరునది 12.2. సగము ఖాళీయైన బ్యాటరీ వోల్టేజియే 12.2 గనుక అది నిండుటకు దారి లేదు. హెడ్‌లైట్లు మొదలగువానికి ఆ 20 ఆంపియర్లు చాలనిచో తక్కువ పడినది బ్యాటరీయే ఇచ్చుకొనవలెను. ఇదే బండిని దీపములార్పి, నిండు బ్యాటరీ తగిలించి, 2 ఆంపియర్లు మాత్రమే ప్రవహించుచుండగా కొలిచిన నష్టము 0.2 వోల్టు, మీటరు 14.0 చూపును, మెకానిక్కు బాగున్నదని పంపివేయును. భారము లేనపుడు చేసిన కొలత ఇట్లు అబద్ధమాడును. ఆ త్రుప్పు దగ్గర ఖర్చగు శక్తి 20 ఆంపియర్లను 2 వోల్టులచే గుణించగా 40 వాట్లు. అందుచే ఆ బోల్టు చేతికి వేడిగా తగులును. సాధారణమైన నలుబది వాట్ల బల్బు ఎంత వేడెక్కునో ఎరిగినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు.

కావున చేయవలసిన కొలతలు కొద్దియే. రాత్రి అంతయు విశ్రాంతి తీసికొన్న బ్యాటరీ నిండుగా నున్నచో 12.6 వోల్టుల దగ్గర చూపును, 12.2 అయిన సగము, 11.9 అయిన దాదాపు ఖాళీ. ఇంజను నడచునపుడు హెడ్‌లైట్లు వెలిగించి అవే టెర్మినళ్ళ మధ్య 13.5కు పైన, 14.5 లోపల ఉన్న సంతోషింపవచ్చును. తక్కువైనచో మీటరు ఒక కొనను ఆల్టర్నేటరు ఉత్పత్తి బోల్టు మీద, రెండవదానిని బ్యాటరీ ధన ధ్రువము మీద ఉంచవలెను. ఒకే తీగ రెండు కొనలకు నడుమ వోల్టేజి కొలుచుట విద్యార్థులకు వింతగా తోచును. ఉండవలసినది సున్నకు దగ్గర, 0.3 దాటిన దారిలో దోషము. అట్లే ఆల్టర్నేటరు ఒంటికిని ఋణ ధ్రువమునకును నడుమ 0.2 దాటరాదు. ఈ రెండును బాగుండి, ఉత్పత్తి బోల్టు దగ్గరనే తక్కువ వచ్చినపుడు మాత్రమే ఆల్టర్నేటరును అనుమానింపవలెను. లారీలలో రెండు బ్యాటరీలు వరుసగా కలిసి 24 వోల్టులగును గాన వోల్టేజి హద్దులను రెట్టింపు చేసికొనవలెను. కొన్ని నేటి కార్లు ఇంధనము పొదుపు చేయుటకు బ్యాటరీ నిండగానే వోల్టేజిని కావలెననియే దించును. అక్కడ ఒక్కసారి 12.8 చూచి కంగారుపడరాదు.

డయోడుల పరీక్షకు మీటరును ఏకాంతర విద్యుత్తు గుర్తు మీద పెట్టి నడుచుచున్న బండి బ్యాటరీని కొలువవలెను. అర వోల్టు దాటిన డయోడు పోయినదని అనుమానింపవచ్చును. కాని చవుక మీటర్లు కొన్ని ఈ గుర్తు మీద స్థిరమైన బ్యాటరీని చూచియు ఏవో పెద్ద అంకెలు చూపును. ఇంజను ఆపి ముందు కొలిచిన సున్న రావలెను. రానిచో ఆ మీటరు ఈ పనికి తగదు. పూర్తిగా అడ్డము పడిన డయోడు రాత్రివేళ బ్యాటరీని లోలోపల త్రాగును. చల్లారిన ఇంజను ప్రక్కన ఉదయమున ఆల్టర్నేటరు ఒక్కటియే వెచ్చగా నున్నచో మీటరు అక్కరలేదు, చేయి చాలును.

బ్యాటరీ నిజముగా పోవుటయు కలదు. చాలకాలము సగము ఖాళీగా నున్న సీసపు పలకలమీద గట్టి సల్ఫేటు పేరుకొని, ఛార్జింగు ఎంత బాగున్నను తీసికొనదు. మూతలు తీయ వీలైన బ్యాటరీలో హైడ్రోమీటరుతో ఆరు గదులను కొలిచిన, ఒక గది ఆమ్లపు సాంద్రత మిగిలిన వానికంటె 0.050 మించి తక్కువైనచో ఆ గది చివరి దశలో నున్నది. అట్టిది మార్చవలసినదే. అయితే ఛార్జింగు దోషము తెలియక క్రొత్త బ్యాటరీ తగిలించిన, అదియు కొలది దినములలో అదే గతి పట్టును. యజమాని రెండు బ్యాటరీల వెల చెల్లించి దోషమును మాత్రము పదిలముగా ఉంచుకొనును. అప్పు చేసి బండి నడుపుకొనువానికి ఇది సామాన్యమైన నష్టము కాదు.

తీసివేసిన బ్యాటరీ ఎక్కడికి పోవునన్నది వేరొక ప్రశ్న. అందు చాల భాగము సీసము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము అది ఉత్పత్తిదారుల బాధ్యతలో నమోదైన కేంద్రములకు చేరవలెను. అట్లు చేరక పెరటి కొలిమిలో కరగినచో పొగతోను మట్టితోను పిల్లల ఒంటిలోనికి పోవును. ప్రపంచములో 80 కోట్ల వరకు పిల్లల రక్తములో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసమున్నదని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా కట్టినవి; బ్యాటరీల అక్రమ కరగింపును ముఖ్య కారణములలో ఒకటిగా పేర్కొన్నవి. అనవసరముగా మార్చిన ప్రతి బ్యాటరీ ఈ ప్రవాహమునకు ఒక చేర్పు.

ఉపాధ్యాయులు ఈ కొలతలను బడి ఆవరణలో నిలిపిన బండి మీద పిల్లలచే చేయింపవచ్చును. మోటారు సైకిలునే తీసికొన్నచో చాల వానిలో శాశ్వతాయస్కాంతమే ఇంజనుతో తిరుగునని, మిగులు విద్యుత్తును రెగ్యులేటరు వేరు విధముగా అణచునని ముందే చెప్పవలెను; పాఠ్యపుస్తకపు బొమ్మ అక్కడ కొంత దగ్గరపడును, ఎఱ్ఱదీపపు కథ మాత్రము వర్తింపదు. కారు గాని ట్రాక్టరు గాని అయినచో తిరుగు బెల్టునకు పిల్లల తువ్వాళ్ళు, జడలు, ఓణీ కొంగులు దూరముగా నుండవలెను. చేతి ఉంగరములు, గాజులు తీసివేయవలెను. తీగలు విప్పవలసివచ్చిన ఇంజను ఆపి, ఋణ ధ్రువపు తీగను ముందుగా విప్పి, బిగించునపుడు దానిని చివర బిగింపవలెను. మీటరు ఎఱ్ఱతీగ ఆంపియర్ల రంధ్రములో నుండగా బ్యాటరీకి ఆనించిన అది సూటిగా షార్టు సర్క్యూటగును. ప్రతి జట్టు మొదలుపెట్టుటకు ముందు ఆ రంధ్రమును ఉపాధ్యాయుడు స్వయముగా చూడవలెను.